పచ్చదనం అమ్మాలంటే... ముందు నీటి లెక్క!

స్వయం ఉపాధి

కొత్తగా ఇల్లు కట్టుకున్నవారికి గేటు పక్కన కాసింత పచ్చిక కావాలి. కల్యాణ మండపానికి దారి పొడవునా పూలమొక్కలు కావాలి. స్కూలుకు నీడ కావాలి. ప్లాట్లు అమ్మేవారికి పార్కు కావాలి. ఇవన్నీ వేసిపెట్టి, నెలనెలా చూసుకునే పనికి పట్నాల్లో ల్యాండ్‌స్కేపింగ్‌ అని పేరు. కోట్ల పెట్టుబడి అక్కర్లేదు. పెద్ద డిగ్రీ అడగరు. సొంత ఊళ్లోనే ఉండొచ్చు. కూటికోసం కోటి విద్యలన్నారు కదా... ఇదీ ఒక విద్యే!

మరి ఆ సొంత ఊరు గుమ్మఘట్ట అయితే?

అనంతపురం జిల్లా పడమటి కొసన, కర్ణాటకను ఆనుకుని ఉన్న మండలమిది. నైరుతి రుతుపవనాలు పశ్చిమ కనుమల దగ్గరే మబ్బుల్ని ఖాళీ చేసుకుని వస్తాయి. ఈశాన్యం తీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి అలసిపోతుంది. జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర మాత్రమే. వేదవతి (హగరి) నది మీద కట్టిన భైరవానితిప్ప ప్రాజెక్టు ఈ మండలంలోనే ఉంది. ఆయకట్టు 12 వేల ఎకరాలు. కానీ అది నిండిన ఏళ్లకన్నా ఎండిన ఏళ్లే ఎక్కువ. ఇలాంటి చోట పచ్చదనాన్ని అమ్ముకుని బతకొచ్చా?

బతకొచ్చు. అయితే లైసెన్సుల జాబితా పట్టుకుని బయల్దేరితే చాలదు. కాగితాల పని కొద్ది వారాల్లో తేలిపోతుంది. వ్యాపారం నిలిచేదీ మునిగేదీ నీళ్ల దగ్గరే.

లైసెన్సు ఎవరిస్తారు?

అమెరికాలోని కాలిఫోర్నియాలో తోటలు వేసే కాంట్రాక్టరు కావాలంటే చాలా తతంగం ఉంది. నాలుగేళ్ల పని అనుభవం చూపించాలి, పరీక్ష రాయాలి, 25 వేల డాలర్ల బాండు పెట్టాలి. ‘సి-27’ అనే ఆ లైసెన్సు చేతికొస్తేనే పెద్ద పని ఒప్పుకోవాలి. మనదేశంలో తోటలు వేసేవారికి అలాంటి ప్రత్యేక లైసెన్సు ఏదీ లేదు. పార పట్టుకున్న ప్రతివారూ ఈ రంగంలోకి రావచ్చు. అది సౌకర్యమే. కానీ పని తెలిసినవారినీ తెలియనివారినీ వేరుచేసి చూపే కాగితం లేదు కాబట్టి, వేసిన తోట బతికి ఉండటమే ఇక్కడ సర్టిఫికెట్‌!

ప్రత్యేక లైసెన్సు లేదంటే అసలు కాగితాలే అక్కర్లేదని కాదు. మొదటిది, పాన్‌కార్డు, వ్యాపారం పేరుతో బ్యాంకు ఖాతా. రెండోది, ఉద్యమ్‌ రిజిస్ట్రేషన్‌. చిన్న పరిశ్రమలు, సేవల సంస్థల కోసం 2020 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ నమోదుకు ఆధార్‌ నంబరు, పాన్‌ ఉంటే చాలు. రుసుము ఒక్క రూపాయి కూడా లేదు. డబ్బులడిగే వెబ్‌సైట్లు, మధ్యవర్తులు కనిపిస్తే అనుమానించాల్సిందే. మూడోది, కార్యాలయమో దుకాణమో తెరిస్తే పంచాయతీ దగ్గర వ్యాపార అనుమతి. రాయదుర్గంలో గది తీసుకుంటే మున్సిపాలిటీ దగ్గర ట్రేడ్‌ లైసెన్సు. దుకాణాలు, సంస్థల చట్టం కింద ఏం చేయాలో కార్మికశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. పనివాళ్ల సంఖ్య పదికి చేరితే ఈఎస్‌ఐ, ఇరవైకి చేరితే పీఎఫ్‌ గుర్తుకు రావాలి.

మొక్కలు కొని తెచ్చి నాటడంతో ఆగకుండా సొంతంగా పెంచి అమ్మాలనుకుంటే అది నర్సరీ అవుతుంది. రాష్ట్రంలో నర్సరీల నమోదు కోసం 2010లో ప్రత్యేకంగా చట్టం వచ్చింది. ఉద్యానశాఖకు దరఖాస్తు చేసి, స్థలం, నీటి వసతి, పెంచే మొక్కల వివరాలు ఇవ్వాలి. పండ్ల అంట్లు కడితే తల్లిచెట్టు ఎక్కడిదన్న రికార్డూ ఉండాలి. రాయదుర్గం ప్రాంత ఉద్యాన అధికారి గానీ, ఊళ్లోని రైతు సేవా కేంద్రం సిబ్బంది గానీ దారి చూపిస్తారు.

మొక్క వేరు... పని వేరు!

ఈ వ్యాపారంలో చాలామంది పట్టించుకోని చిక్కు పన్నుల దగ్గరుంది. మొక్కల మీద జీఎస్టీ లేదు. అదే తోట వేసిపెట్టడం, నిర్వహించడం ‘సేవ’ కిందకు వస్తాయి. వాటి మీద 18 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో కేవలం సరుకు అమ్మేవారు ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్‌ లేకుండా ఉండొచ్చు. సేవలు కూడా కలిస్తే ఆ గీత 20 లక్షలకే వచ్చేస్తుంది. మొక్కలకు పన్ను లేదు కదా అని వాటి అమ్మకాన్ని ఈ లెక్కలోంచి తీసేయడానికి వీల్లేదు.

ఆదాయపు పన్నులోనూ ఇదే తేడా. నర్సరీలో పెంచిన మొక్కలు, నారు అమ్మితే వచ్చే ఆదాయాన్ని వ్యవసాయ ఆదాయంగానే చూడాలని 2008 ఆర్థిక చట్టంతో స్పష్టం చేశారు. తోటపని కాంట్రాక్టు మీద వచ్చే లాభం మాత్రం మామూలు వ్యాపార ఆదాయమే. కడియం నుంచి లారీలో తెచ్చి మర్నాడే అమ్మేసిన మొక్క ‘పెంచిన మొక్క’ కాదన్నది కూడా మర్చిపోకూడదు. అందుకే మొదటి రోజు నుంచీ రెండు పుస్తకాలు పెట్టుకోవడం మంచిది. మొక్కల అమ్మకం ఒకదాంట్లో, కూలి, పనుల లెక్క మరోదాంట్లో. మొక్కలూ పనీ కలిపి ఒకే మొత్తానికి ఒప్పుకొంటే పన్ను ఎలా పడుతుందో సంతకం పెట్టకముందే ఆడిటర్‌ను అడగాలి.

బోరు, మట్టి, మందు

వ్యాపారం మొదలుపెట్టగానే చాలామందికి వచ్చే ఆలోచన... ఒక బోరు వేసేద్దాం! అక్కడ ఆగాలి. రాష్ట్రంలో 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన చట్టమది. కొత్త బోరుకు అనుమతి తీసుకోవాల్సిందే. ప్రజల తాగునీటి బావికో బోరుకో 250 మీటర్ల లోపైతే అసలే కుదరదు. తోట వేసే స్థలంలో పాత చెట్లుంటే వాటిని కొట్టేయడానికీ ఇదే చట్టం కింద అనుమతి కావాలి.

చట్టం మాట అటుంచినా, ఈ నేల మీద బోరంటే జూదమే. ఒకటి ఎండిపోతే రెండోది, అదీ పడకపోతే మూడోది... అలా అప్పులపాలైన వేరుశనగ రైతుల కథలు అనంతపురం జిల్లాలో ప్రతి ఊరికీ తెలుసు. అందమైన తోటల కోసం మళ్లీ అదే దారి తొక్కితే ముగింపు కూడా అదే అవుతుంది.

మట్టికీ అనుమతులున్నాయి. ఎర్రమట్టి, గ్రావెల్‌, ఇసుక చిన్నతరహా ఖనిజాల కిందకు వస్తాయి. ఎక్కడ పడితే అక్కడ తవ్వి ట్రాక్టరులో తోలుకొస్తే కేసవుతుంది. గనులశాఖ అనుమతి ఉన్నచోట కొని, రసీదు దాచుకోవాలి. చెరువు మట్టి కావాలంటే పంచాయతీ, జలవనరుల శాఖల మాట తీసుకోవాలి. ఇక పురుగుమందులు అమ్మాలంటే 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద, ఎరువులు అమ్మాలంటే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద లైసెన్సులుండాలి. ‘మొక్కతోపాటు మందు డబ్బా కూడా ఇస్తాం’ అని బోర్డు రాసుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

అసలు లెక్క ఇదీ...

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. ఈ ఒక్క సూత్రం తెలిస్తే తోట లెక్కంతా వేసేయొచ్చు.

కల్యాణ మండపం యజమాని పది సెంట్లలో పచ్చిక పరవమన్నాడనుకుందాం. పది సెంట్లంటే సుమారు 405 చదరపు మీటర్లు. ఎండాకాలంలో పచ్చికకు రోజుకు 5 మిల్లీమీటర్ల తడి కావాలనుకున్నా... రోజుకు రెండు వేల లీటర్లు! నెలకు అరవై వేలు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. ఏప్రిల్‌, మే రెండు నెలలకే ఇరవై నాలుగు ట్యాంకర్లు.

వాననీళ్లు సాయం రావా? ఆ పది సెంట్ల మీద ఏడాదంతా పడే వాన 2.2 లక్షల లీటర్లు. పచ్చికకు ఏడాది సగటున రోజుకు 4 మిల్లీమీటర్లు ఇవ్వాలన్నా కావాల్సింది దగ్గర దగ్గర 6 లక్షల లీటర్లు. ఒక్క చుక్క బయటికి పోకుండా పట్టినా సగానికి కూడా రాదు.

ఇంకో లెక్క. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్లు అందాలన్నది జల్‌జీవన్‌ మిషన్‌ పెట్టుకున్న కొలత. అంటే ఆ పచ్చిక ఒక్కటే 36 మంది నీళ్లు తాగేస్తుంది. తాగునీటికే అల్లాడి, 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వస్తే తప్ప వందల ఊళ్లు తెరిపిన పడని జిల్లా ఇది. ఇక్కడ వీధిలో బిందెలు వరుస కట్టి ఉండగా గేటు లోపల గడ్డికి ట్యాంకరు తోలించే వ్యాపారం... ఊళ్లో ఎన్నాళ్లు మర్యాదగా సాగుతుంది?

మరి యజమానికి ఏం చెప్పాలి? లేదు, కాదు అని కాదు... ఇంకో బొమ్మ గీసి చూపించాలి. గుమ్మం ఎదురుగా ఒకే ఒక్క సెంటు పచ్చిక. దానికి రోజుకు రెండు వందల లీటర్లు. చుట్టూ ఇరవై నీడచెట్లు. వారానికి రెండుసార్లు డ్రిప్పుతో చెట్టుకు ఇరవై లీటర్లు. ప్రహరీ వెంట అరవై పూల పొదలు, వాటికి వారానికి రెండుసార్లు అయిదేసి లీటర్లు. మొత్తం కలిపితే రోజుకు సగటున 400 లీటర్లు. పచ్చిక తోటతో పోలిస్తే అయిదో వంతు! మిగతా చోట గులకరాళ్లు, స్థానిక బండలు, నడక దారి. మూడేళ్లు పోతే నీడ కూడా అదనం.

ప్రపంచంలో ఎండిన చోట్లన్నీ ఈ దారికే వస్తున్నాయి. అమెరికాలోని డెన్వర్‌ నగర నీటి సరఫరా సంస్థ 1981లోనే దీనికి ‘జెరిస్కేప్‌’ అని పేరు పెట్టింది. లాస్‌వెగాస్‌లో పచ్చిక పీకేసినవారికి నీటి సంస్థే ఎదురు డబ్బులిస్తోంది. అలంకారం కోసం మాత్రమే పెంచే గడ్డికి 2027 నుంచి కొలరాడో నది నీళ్లు వాడకూడదని నెవాడా రాష్ట్రం 2021లో చట్టమే చేసింది.

కడియం మొక్క, సీమ ఎండ

తెలుగునాట నర్సరీ అనగానే రాజమహేంద్రవరం పక్కన కడియం, కడియపులంకలే గుర్తుకొస్తాయి. గోదావరి కాలువ నీళ్లు, ఒండ్రుమట్టి, గాలిలో తేమ... ఆ మొక్కల నిగనిగకు కారణాలవి. దేశమంతటికీ అక్కడి నుంచే లారీలు వెళ్తాయి. అక్కడి నుంచి మొక్కలు తెచ్చుకోవడంలో తప్పులేదు. తెచ్చిన మర్నాడే గుమ్మఘట్ట ఎండలో పాతేయడంలోనే ఉంది తప్పంతా! కొన్ని వారాలు షేడ్‌నెట్‌ కింద ఉంచి, నీళ్లు మెల్లగా తగ్గిస్తూ ఎండకు అలవాటు చేయాలి. అంతకన్నా మేలు, ఈ నేల ఎరిగిన మొక్కల్నే ఇక్కడ పెంచుకోవడం.

వేప, కానుగ, చింత, రేల, నేరేడు నీడకు. తంగేడు, దేవగన్నేరు, కాగితం పూలు (బోగన్‌విల్లా) రంగుకు. కలబంద, కిత్తనార రాళ్ల మధ్య అందానికి. సీతాఫలం అయితే అందంతోపాటు పండు కూడా. గన్నేరు కరవును బాగా తట్టుకుంటుంది, పశువులూ ముట్టవు. కానీ ఆ మొక్క నిలువెల్లా విషమే. కాబట్టి పిల్లలు తిరిగే స్కూళ్లలో వద్దు. త్వరగా పెరుగుతుందని చాలామంది అడిగే కోనోకార్పస్‌ జోలికి వెళ్లకపోవడమే నయం. పుప్పొడితో ఎలర్జీలు వస్తాయని, భూగర్భ నీటికి చేటని 2023లో గుజరాత్‌ ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

ఎప్పుడు నాటాలన్నదీ తెలియాలి. కోస్తాలో జూన్‌ తొలకరికి నాటేస్తారు. అనంతపురంలో ఎక్కువ వాన పడేది సెప్టెంబరులో. గుంతలు ఎండాకాలంలోనే తవ్వి, ఎండనిచ్చి, పశువుల ఎరువు కలిపి సిద్ధంగా ఉంచుకోవాలి. ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో మంచి వాన పడ్డాక నాటితే అక్టోబరు దాకా ఆకాశమే సగం నీళ్లు పోస్తుంది. పాదు చుట్టూ వేరుశనగ పొట్టు, ఎండుటాకులు పరిస్తే తడి ఆరదు. నీరు పల్లమెరుగు అంటారు. పైకప్పు మీద, వాకిట్లో పడ్డ వాన ఎటు పారుతుందో చూసి, చెట్ల వరుసను ఆ పల్లంలో పెట్టడమే అసలైన డిజైను.

సామాన్లు... సొమ్ములు

మొదట్లో కావాల్సినవి తక్కువే. గడ్డపార, పార, తట్టలు, కొమ్మలు కత్తిరించే కత్తెరలు, పైపులు, కొలత టేపు, లెవెల్‌ చూడటానికి నీళ్లు నింపిన సన్నటి ప్లాస్టిక్‌ గొట్టం. గడ్డి కోసే యంత్రం, గుంతలు తవ్వే యంత్రం పనులు పెరిగేదాకా అద్దెకు తెచ్చుకోవచ్చు. నర్సరీ కూడా పెడితే ఇరవై ముప్పై సెంట్ల చోటు, షేడ్‌నెట్‌, నీళ్ల తొట్టి. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి సంచులు నింపుకోవడమే. అంతకన్నా ముందు బోరు నీళ్లను పరీక్ష చేయించాలి. ఉప్పదనం ఎక్కువుంటే లేత మొక్కల ఆకుల అంచులు మాడిపోతాయి. పొలానికిచ్చే ఉచిత విద్యుత్తును వ్యాపారానికి వాడకుండా, సర్వీసు ఏ కేటగిరీలోకి వస్తుందో విద్యుత్తు సంస్థ చేత రాయించుకోవాలి.

పెట్టుబడికి ముద్ర రుణాలున్నాయి. 2015లో మొదలైన ఈ పథకంలో 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్‌, 10 లక్షల దాకా తరుణ్‌. తాకట్టు అక్కర్లేదు. అయితే మొదటి ఏడాది శిశుతోనే సరిపెట్టుకోవడం తెలివైన పని. యంత్రాలు కొన్నంత మాత్రాన పనులు రావు. వాయిదాలు మాత్రం వస్తాయి! పనివాళ్లకు ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా బీమా యోజన ఉంది. పాములు తిరిగే పొదల్లో పనిచేసేవారికి అదీ, ఒక జత బూట్లూ కనీస మర్యాద.

పని నేర్చుకోవడానికి రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తల సలహాలు తీసుకోవచ్చు. బ్యాంకులు జిల్లాల్లో నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజనం, వసతితో ఉచితంగా నేర్పుతారు. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో తోటమాలిగా చేసి తిరిగొచ్చినవారు ఊళ్లో ఉంటే వారిని కలుపుకోవడం అన్నిటికన్నా మేలు.

నోటి మాట వద్దు

ఈ వ్యాపారంలో గొడవలు నాటిన రోజు రావు. ఏప్రిల్‌లో మొక్క ఎండిన రోజు వస్తాయి. ‘మీ మొక్క మంచిది కాదు’ అని యజమాని, ‘మీరు నీళ్లు పోయలేదు’ అని కాంట్రాక్టరు. ఆఖరి వాయిదా ఆగిపోతుంది. ఆ వాయిదాలోనే కాంట్రాక్టరు లాభమంతా ఉంటుంది. దాన్ని నమ్ముకుని తెచ్చిన అప్పు ఇంటిమీదకొస్తుంది. అందుకే పని మొదలుకాకముందే ఒక కాగితం మీద ఇవి రాసుకోవాలి.

* ఏ మొక్క, ఎంత ఎత్తుది, ఎన్ని. గుంత కొలత ఎంత.
* నీళ్లు ఎవరివి, రోజుకు ఎన్ని లీటర్లు, బోరు ఎండితే ట్యాంకరు ఖర్చు ఎవరిది.
* ఎన్నాళ్ల నిర్వహణ, చనిపోయిన మొక్కల్లో ఎన్నింటిని ఉచితంగా మార్చాలి.
* డబ్బు ఏ దశలో ఎంత. సామాన్లకు బయానా, నాటాక ఎక్కువ భాగం, ఒక ఎండాకాలం గడిచాక మిగతాది.
* పన్ను కలిపిన ధరా, విడిగానా.

రెండో వరుసలోని నీళ్ల మాట రాయడానికి ఒప్పుకోని యజమాని పనిని ఎంత పెద్దదైనా వదులుకోవడమే లాభం.

రాయదుర్గం, కల్యాణదుర్గం, అనంతపురం, సరిహద్దు దాటితే బళ్లారి, చెళ్లకెర... చుట్టూ పని ఉంది. ఆ పట్టణాలన్నిటిదీ ఇదే ఎండ, ఇదే నేల. కోనసీమ అందాన్ని ఇక్కడికి మోసుకొస్తామనేవారు ఒక్క వేసవికే కనిపించకుండా పోతారు. తక్కువ నీళ్లతో నీడనివ్వడం తెలిసినవారిని మాత్రం రెండో వేసవి నుంచి జనమే వెతుక్కుంటూ వస్తారు. గుమ్మఘట్ట కుర్రాడికి ఆ విద్య పుట్టుకతోనే సగం వచ్చు. నీళ్లను లీటర్లలో లెక్కపెట్టడం వాళ్లింట్లో అమ్మ ఎప్పుడో నేర్పింది. ఇక కావాల్సింది ఆ లెక్కను బిల్లు మీదకు ఎక్కించడమే!